రమణ నెత్తిన పక్షి

మంగాయమ్మ ఇంటి వెనక గోడని ఏరు పట్టుకుపోయిన వరద ఒకటి వచ్చింది. ఆ వరదకి మూడో ఏడు ఇది జరిగింది. తొలకరి పడి, కాలవకి నీళ్లు వదిలిన రోజులు. నేను అప్పుడు తాటిమెరక తూము దగ్గర లస్కరుని. లస్కరంటే పైవాళ్లు తెరవమన్నప్పుడు చక్రం తిప్పి తూము తెరవాలి, మూయమన్నప్పుడు మూయాలి. మిగతా టైములో గట్టు మీద కూచోవాలి. మాట్లాడే పని పెద్దగా ఉండదు. అందుకే ఆ ఉద్యోగం నాకు కుదిరింది.

ఆ కాలవకి తాటిమెరక ఆఖరి ఊరు. శివారు. ఎగువ ఊళ్లు తాగగా మిగిలిన నీళ్లు మావి. ఏ రోజు ఏ ఊరి వంతో లాకులపేట ఆఫీసు వరండాలో నల్లబల్ల మీద సుద్దతో రాసేవారు. ఎగువ రైతు బుల్లెబ్బాయి గారు అది చూసుకుని, సరిగ్గా మా వంతు రోజున తన బోదెకి, అంటే చేలకి నీళ్లు పారే పిల్లకాలవకి, ఉన్న అడ్డుకట్ట లాగించేసేవారు. దీని మీద ఏటేటా అర్జీలు వెళ్లేవి. ఏటేటా విచారణ జరిగేది. విచారణకి వచ్చినవాళ్లు బుల్లెబ్బాయి గారింట్లో భోంచేసి వెళ్లేవారు.

అలాంటప్పుడు కొత్త ఇంజనీరు కమలాకర్ గారు వచ్చారు. మంచి మనిషే. చెయ్యి చాపే రకం కాదు. ఆయనకి ఒకటే సరదా. పేపర్లో గళ్ల పజిలు వేస్తారు చూడండి, అడ్డం, నిలువు, పక్కన ఆధారాలు. ఆధారం చదివితే ఒకటి తోస్తుంది, జవాబు ఇంకోటి అవుతుంది. ఆయన అవి పూరించడమే కాకుండా సొంతంగా కట్టేవారు కూడా. కట్టినవి పత్రికలకి పంపేవారు. పత్రికలు వాటిని జాగ్రత్తగా తిప్పి పంపేవి.

వచ్చిన రోజునే ఆయకట్టు మ్యాపు గోడకి తగిలించమన్నారు. నేను గదిలో కొబ్బరి బొండాలు దింపుతున్నాను. ఆయన మ్యాపు ముందు నిలబడి చాలాసేపు చూశారు. కాలవలు అడ్డంగా ఉన్నాయి. బోదెలు నిలువుగా ఉన్నాయి. మధ్యలో ఊళ్లు.

"భీమశంకరం గారూ," అన్నారు హెడ్ క్లర్కుతో, "ఇది ఆయకట్టు కాదండీ. గడి. దేవుడు గీసి పెట్టాడు. మనం ఆధారాలు రాయడమే తరువాయి."

"చిత్తం," అన్నారు భీమశంకరం గారు. ఆయన వచ్చిన ప్రతి ఇంజనీరుకీ చిత్తమనే అన్నారు. అలా అంటూనే జుట్టు నెరిసింది.

"నీటి చౌర్యానికి మూలకారణం ఏమిటో తెలుసా? సమాచారం. వంతు ఎప్పుడో దొంగకి మనమే బల్ల మీద రాసి చెబుతున్నాం. చెప్పడం మానేస్తే?"

"మానేస్తే హక్కుదారుకి కూడా తెలీదు కదండీ."

"తెలుస్తుంది. తెలివి ఉపయోగిస్తే తెలుస్తుంది. సమాచారం అనేది అర్హులకి మాత్రమే అందవలసిన ప్రజా వనరు."

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. ఆఫీసు ముందు దండోరా వేయించి చదివారు. ఇందుమూలంగా యావన్మంది ఆయకట్టుదారులకు తెలియజేయునదేమనగా, ఇకపై తెలియజేయుట జరగదు. వంతులు ఆధారాల రూపంలో ప్రకటించబడును. ఆయా గ్రామస్థులు ఆధారాన్ని విప్పి, జవాబును సవివరమైన వివరణతో సహా ఆఫీసులో సమర్పించి, చీటీ పొందవలెను. చీటీ చూపిన గ్రామానికే లస్కరు తూము తెరవవలెను. ఈ కార్యాలయం నుంచి వెలువడు ఏ ఉత్తర్వూ ఇకపై మామూలు భాషలో ఉండరాదు. విప్పి వివరించిన పిమ్మటనే అట్టి ఉత్తర్వు సదరు వ్యక్తికి వర్తించును.

చదవడం అయ్యాక దండోరా వాడు డప్పు చంకలో పెట్టుకుని నా దగ్గరికొచ్చి, "ఏటి చెప్పేన్రా నేను?" అనడిగాడు.

తెలీదన్నాను.

ఆధారాలు తయారయ్యాయి. అయితే ఇంజనీరు గారికి ఒక అనుమానం పట్టుకుంది. అవి మరీ సులువుగా ఉన్నాయేమో. ఆఫీసులో అందరూ చదువుకున్నవాళ్లే. భీమశంకరం గారికి చూపిస్తే చిత్తమంటారు తప్ప కష్టంగా ఉందో లేదో చెప్పరు. బయటికి చూస్తే నేను కనపడ్డాను.

"నువ్వెంతవరకు చదివావు?"

"మూడో తరగతండి. అదీ పూర్తి కాలేదండి."

"భేష్," అన్నారు ఆయన. నా చదువుని అలా మెచ్చుకున్న మనిషి ఆయనొక్కరే. "గుబ్బల రమణ, లస్కరు, ఈ కార్యాలయపు ప్రామాణిక సామాన్యుడిగా నియమించబడినాడు. ప్రతి ఆధారమూ ముందు ఇతనికి చదివి వినిపించాలి. ఇతనికి అర్థమైతే ఆ ఆధారం చెల్లదు."

మొదటిది చదివారు. 'దేవతల మేష్టారొచ్చే రోజు.'

"గురువారమాండీ?" అన్నాను.

ఎలా తెలిసిందని అడిగారు. హరికథలో విన్నానన్నాను. దేవతలకి గురువు బృహస్పతి, ఆయన రోజు గురువారం. ఇంజనీరు గారు కాయితం చింపేశారు. రెండోది 'రాక్షసుల మేష్టారొచ్చే రోజు'. శుక్రవారం. అదీ హరికథలో ఉంది. అదీ చింపారు. ఆయన మొహం చూస్తే నాకే బాధేసింది. మూడోది చదివినప్పుడు నాకు ఏమీ తోచలేదు. అర్థం కాలేదండీ అన్నాను. ఆయన లేచి నాతో చెయ్యి కలిపారు.

ఆ రోజునుంచి నా పని తేలికైపోయింది. ఏది చదివినా కాసేపు కప్పు వంక చూసి, అర్థం కాలేదండీ అనేవాణ్ణి. చాలా మటుకు నిజంగానే అయ్యేది కాదు. ముద్ర పడేది. సామాన్యునికి బోధపడలేదు, ఆమోదించడమైనది.

మొదటి వారం కాలవ మీద ఒక్క దొంగతనం కూడా జరగలేదు. వంతు ఎవరిదో ఎవరికీ తెలియలేదు కాబట్టి తూముల దగ్గరికి ఒక్కరూ రాలేదు. నీళ్లు గట్టు మీద నుంచి చూస్తే అద్దంలా ఉన్నాయి. తూములన్నీ దాటుకుని నిండుగా సముద్రంలోకి పోయాయి. నీటి చౌర్యం పూర్తిగా అరికట్టబడినదని పై ఆఫీసుకి నివేదిక వెళ్లింది. నివేదిక కూడా ఆధారం రూపంలోనే వెళ్లింది. పై ఆఫీసులో దాన్ని ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదికి తిప్పారట. అర్థం కాలేదని ముందు ఎవరంటారు? ఆఖరికి 'చూడడమైనది, మిగతా కార్యాలయాలు అనుసరించవలెను' అని రాసి పంపారు.

దాంతో కమలాకర్ గారికి ఊపొచ్చింది. హాజరు పట్టీ ఉన్న బీరువా ఏదో ఆధారం. బిళ్ల బంట్రోతు సెలవు చీటీ ఆధారం. మరుగుదొడ్డి తలుపు మీద కూడా ఒకటి అంటించారు. కడుపు నొప్పితో వచ్చిన ముసలాయన ఒకాయన దాని ముందు నిలబడి, పక్కవాణ్ణి రెండో అక్షరం అడిగాడు.

రైతులు ఊరుకుంటారా. నీళ్లు కావాలి కదా. లాకులపేట కాఫీ హోటలు మీద మేడ గదిలో ఆధారాల ట్యూషను మొదలైంది. ఎరువుల కొట్టులో డీఏపీ కావాలంటే నిఘంటువు కూడా తీసుకోవాలన్నారు. పొద్దున్నే చేలకి పోయే జనం నల్లబల్ల ముందు గొంతుక్కూచుని అక్షరాలు లెక్కపెట్టేవారు. అందరికన్నా ముందు తేరుకున్నది బుల్లెబ్బాయి గారు. రిటైరైన తెలుగు పండితుణ్ణొకాయన్ని తెచ్చి ఇంట్లో పెట్టుకుని, మూడు పూటలా నెయ్యి వేసి భోజనం పెట్టించారు. పండితుడు వీధరుగు మీద కూచుని తాంబూలం నముల్తూ తమ ఊరి ఆధారం, పక్క ఊరిది, దాని పక్క ఊరిది విప్పేసేవాడు. రెండో వారానికల్లా బుల్లెబ్బాయి గారికి అందరి వంతులూ తెలిసిపోయాయి. అడ్డుకట్ట మళ్లీ లాగించారు. అయితే ఇప్పుడది దొంగతనం కాదు. అర్హత.

తాటిమెరకకి పండితుడు లేడు. మూడో వారం వచ్చినా మా బోదెలో తడి లేదు.

మంగాయమ్మ నారుమడి మా తూముకి దగ్గర్లోనే ఉంది. ఆవిడ మొగుడు పోయాక ఎకరంన్నర కౌలుకి చేస్తోంది. గోడ పోయిన ఇంటికి తాటాకులు అడ్డం కట్టుకుని, విత్తనాలు చల్లింది. వాన ఒకటి పడితే మొలిచాయి. తరవాత వాన లేదు. నారు కొసలు ఎర్రబడ్డాయి.

గురువారం సాయంత్రం గట్టు మీదికొచ్చి నా పక్కన చతికిలబడింది.

"రవణన్నయ్యా, మడి నెర్రిచ్చేసింది. ఈ రెండ్రోజుల్లో తడి తగలాపోతే నారు పోద్ది. నారు పోతే ఊడుపు లేదు. ఊడుపు లేపోతే ఆ కౌలు ఇంకోళ్లకిచ్చేత్తానని చేను గలాయన ముందే చెప్పేడు."

నేను కాలవలోకి చూశాను. నిండుగా పోతోంది.

"ఆ చక్రం ఓసారి తిప్పకూడదేంటి?"

"చీటీ ఉండాలి."

"నీ నోట్లోంచి రెండు మాటలు ఊడిపడ్డాయి. అదే పదివేలు," అని లేచి వెళ్లిపోయింది.

అసలు సంగతి ఆవిడకి చెప్పలేదు. ఆ మధ్యాహ్నమే ఆఫీసులో మా ఊరి ఆధారం నాకు చదివి వినిపించారు. 'బాణం నడుమ వెనక గోడ కూలిన ఇల్లు, ఒక రోజు.' వింటూనే నాకు మంగాయమ్మ ఇల్లే కళ్ల ముందు కనపడింది. ఆ గోడ పడింది శనివారం. ఆ వరద శనివారం మా ఊళ్లో ఎవరూ మర్చిపోలేదు. కానీ అర్థమైందంటే ఆ కాయితం చింపేసి ఇంకా కష్టమైంది రాస్తారు. కప్పు వంక చూసి, అర్థం కాలేదండీ అన్నాను. ముద్ర పడింది.

శుక్రవారం పొద్దున్న బల్ల మీద రాశారు. మంగాయమ్మ ఎవరిచేతో చదివించుకుంది. వెంటనే కొంగు దోపుకుని ఆఫీసు లోపలికొచ్చేసింది. నేను తలుపు పక్కన నిలబడి ఉన్నాను. ప్రామాణిక సామాన్యుడికి అక్కడ నిలబడే చోటు కేటాయించారు.

"ఏ గ్రామం?" అన్నారు భీమశంకరం గారు.

"తాటిమెరకండి."

"నిలువు ఏడు," అని ఆయన దిద్దారు. "జవాబు?"

"శనివారమండి."

ఇంజనీరు గారు కుర్చీలోంచి లేచారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయంటే నమ్మండి. "చూశారా భీమశంకరం గారూ. ప్రజల్లో మేధ ఉంది. వెలికి తీసేవాళ్లు కావాలి. చెప్పమ్మా, వివరణ చెప్పు."

"వివరణేముందండి. మా ఇంటి ఎనక గోడ కూలింది శనివారం నాడే కదండి. వరదలోనండి."

"ఇల్లు సరే. బాణం?"

"బాణం ఎవరేసేరో నాకు తెలీదండి. గోడని కొట్టింది నీళ్లేనండి."

ఇంజనీరు గారు కూచున్నారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అధికారిక వివరణ చదవమని సైగ చేశారు. భీమశంకరం గారు గొంతు సవరించుకుని చదివారు. బాణమనగా శరం. ఇల్లనగా నివాసం. వెనక గోడ కూలుట అనగా చివరి అక్షరం పోవుట. నివాసంలో చివరి అక్షరం పోగా మిగిలినది నివా. దానిని శరం అను మాట నడుమ ఉంచగా, శనివారం.

మంగాయమ్మ ఓపిగ్గా విన్నది. "అయితే శనివారమే కదండీ?"

"శనివారమే," అన్నారు ఇంజనీరు గారు. "కానీ నీ శనివారం వేరు, ఆధారంలో శనివారం వేరు. నువ్వు జవాబు దగ్గరికి అక్రమ మార్గంలో వచ్చావు."

"మా ఇంట్లోంచే వచ్చేనండి."

"అదే అక్రమం. అనుభవం మీద ఆధారపడి విప్పడం నిషిద్ధం. అలాగైతే ఎవరైనా విప్పేస్తారు."

"మరి నీళ్లండి?"

"వివరణ ఇవ్వలేని గ్రామం ఆ వారానికి నల్లగడి."

"అంటే ఏటండీ?"

"గడిలో అక్షరం పడని చోటు. నల్లగా నింపేస్తాం. బాధపడకూడదు. నల్లగళ్లు లేకపోతే గడికి అందం రాదు. మీ శివారు అలా నల్లగా ఉంది కాబట్టే మిగతా గళ్లలో అక్షరాలు నిలబడుతున్నాయి. అదీ ఒక సేవేనమ్మా."

మంగాయమ్మ మ్యాపు వంక చూసింది. ఆ మూల అప్పటికే ఎవరో నల్ల సిరా పులిమి ఉంచారు. "ఈ సేవ మా తాతల కాడ్నించీ చేత్తానే ఉన్నామండి," అంది. "పేరే తెలీలేదు. ఆయ్, పేరు పెట్టేరు, చాలు. నారు మాత్రం రేపటితో పోద్దండి."

"నారు సంగతి వ్యవసాయ శాఖ చూస్తుంది."

నాకు ఏమైందో తెలీదు. కేటాయించిన చోటులోంచి ఒక అడుగు ముందుకేశాను.

"అయ్యా. ఈ ఆధారం నాకూ అర్థమైందండి."

భీమశంకరం గారి చేతిలో కలం ఆగింది.

"నీకా?" అన్నారు ఇంజనీరు గారు. "ఎప్పుడు?"

"నిన్న చదివినప్పుడేనండి. చెప్పలేదు."

"ఎలా అర్థమైంది?"

"ఈవిడకి అర్థమైనట్టేనండి. నాకర్థమైతే ఆధారం చెల్లదని మీ ఉత్తర్వండి. చెల్లనిదానికి వివరణ చెప్పలేదని నీళ్లు ఆపరు కదండీ."

నా జన్మలో అంత పొడుగు మాట్లాడింది అప్పుడే. మంగాయమ్మ నా వంక నోరు తెరుచుకుని చూసింది. ఇంజనీరు గారు భీమశంకరం గారిని చూశారు. భీమశంకరం గారు మెల్లిగా అన్నారు, "చిక్కేనండి. ఇది చెల్లదంటే, ఇతను అర్థం కాలేదన్నవన్నీ నిజంగా కాలేదో అయ్యాయో తేలదండి. ఇప్పటిదాకా ఇచ్చిన చీటీలన్నీ రద్దు చేయాలండి. పై ఆఫీసు వారు మిగతా కార్యాలయాల్ని కూడా అనుసరించమన్నారండి."

ఇంజనీరు గారు గదిలో అటూ ఇటూ నడిచారు. మ్యాపు ముందు ఆగారు.

"ఆధారంలో లోపం లేదు," అన్నారు చివరికి. "సామాన్యుడిలో ఉంది. ఆఫీసు గాలికి ఇతను పాడైపోయాడు. అర్థం చేసుకోవడం మొదలుపెట్టాడు. ఇతన్ని తక్షణం పంపించేయాలి, లస్కరు పనిలోంచి కూడా."

"చిత్తం. ఉత్తర్వు రాయమంటారా?"

"మామూలు భాషలో రాయకూడదు కదా."

ఆయన కూచుని కలం తీశారు. ఎక్కువ సేపు పట్టలేదు. రాసింది చూసుకుని తనలో తనే నవ్వుకున్నారు. అంత ముచ్చటగా ఉన్న నవ్వు ఆయన మొహంలో ఎప్పుడూ చూడలేదు. భీమశంకరం గారు అందుకుని చదివారు. 'రమణ నెత్తిన పక్షి.'

"దీన్ని సామాన్యుడికి వినిపించి ఆమోదం తీసుకోవాలండి," అన్నారు భీమశంకరం గారు. "కొత్త సామాన్యుణ్ణి ఇంకా నియమించలేదండి."

"ఈ ఉత్తర్వు అమలయ్యేదాకా ఇతనే కదా. అడగండి."

"రమణా, అర్థమైందా?"

నేను కప్పు వంక చూశాను. "లేదండి. గట్టు మీద కొంగలు వాలుతుంటాయండి. అప్పుడప్పుడూ నా మీదికీ వస్తాయండి. అవేనాండీ?"

"అద్భుతం," అన్నారు ఇంజనీరు గారు. ముద్ర పడింది. సామాన్యునికి బోధపడలేదు, ఆమోదించడమైనది. కాయితం నా చేతికిచ్చారు.

వరండాలో మెట్లు దిగుతుంటే భీమశంకరం గారు వెనకాలే వచ్చారు. అటూ ఇటూ చూశారు. "ఒరే రమణా, చాలా ఏళ్ల సర్వీసు నీది. చీకట్లో ఉంచడం నాకిష్టం లేదు. పక్షిని సంస్కృతంలో వి అంటారు. రమణకి ముందు వి పెడితే విరమణ. అంటే నిన్ను ఇంటికి—"

నేను తలగుడ్డ విప్పి చెవుల మీదుగా గట్టిగా చుట్టుకున్నాను.

ఆయన ఆగారు. నన్ను చూశారు. నా చేతిలో ఉన్న కాయితం చూశారు. విప్పి వివరించిన పిమ్మటనే అట్టి ఉత్తర్వు సదరు వ్యక్తికి వర్తించునని దండోరాకి ఇచ్చిన రాత ఆయన రాసిందే.

"వినపడిందా?" అన్నారు.

"లేదండి."

ఆయన చేతులు కట్టుకుని, నెమ్మదిగా తల వంచి, "చిత్తం," అన్నారు. నాతోనే అన్నారు.

తోవలో మంగాయమ్మ అడిగింది, "ఏటన్నయ్యా ఆ కాయితం?"

"పక్షి."

"ఏ పక్షి?"

"తెలీదు."

"అయితే తెలుసుకోకు," అంది.

మర్నాడు శనివారం. తెల్లారుతూనే తూము దగ్గరికెళ్లాను. శనివారం తాటిమెరక వంతని వాళ్ల ఆధారమే చెబుతోంది. తెరవొద్దని నాకు అర్థమయ్యేలా ఎవరూ చెప్పలేదు. చీటీ సంగతంటారా, ఆ ఉత్తర్వుని దండోరా రోజు నుంచీ నాకెవరూ విప్పి వివరించలేదు. అర్థమయ్యేలా చెప్పడం మా ఆఫీసులో నిషేధం. మంగాయమ్మ అప్పటికే పార పట్టుకుని మడి గట్టు మీద నిలబడి ఉంది. ఎక్కణ్ణుంచో కొంగ ఒకటి ఎగురుకుంటూ వచ్చి నా చుట్టూ తిరిగింది. అది వాలకుండా ఒక చేత్తో నెత్తి మూసుకుని, రెండో చేత్తో చక్రం ఆఖరుదాకా తిప్పాను.